కెమెరా కనపడుతుంది సరే... రికార్డు ఉందా?



పట్టిసీమ ఒడ్డున తోట ఉన్న రైతుకి మూడు భయాలుంటాయండి. మోటారు దగ్గర రాగి కేబుల్ కోసుకుపోతారని ఒకటి. పాకలో నాటు ఆవుని తోలుకుపోతారని రెండోది. గోదారి పొంగితే షెడ్డు మునుగుతుందని మూడోది. మొదటి రెండిటి కోసమే తోటల్లో సీసీ కెమెరాలు పెట్టించుకుంటున్నాం. యూరియా వాడే రైతుకి బస్తా పోతే ఇంకో బస్తా కొనుక్కుంటాడు. మనకి అలా కుదరదు. ఒక నాటు ఆవు పేడ, మూత్రంతో 30 ఎకరాలు చేసుకోవచ్చని సుభాష్ పాలేకర్ గారు చెబుతారు కదా. అంటే ఆ ఒక్క ఆవు పోతే పొలం మొత్తానికి జీవామృతం ఆగిపోయినట్టే.

తీరా దొంగతనం జరిగాక డీవీఆర్ తెరిస్తే ఆ రాత్రి రికార్డు ఉండదు. "నిన్న కూడా ఫోన్లో కెమెరా బాగానే కనపడిందండీ" అంటారు. తిరకాసంతా అక్కడే ఉంది. కెమెరా లైవ్‌లో కనపడటం ఒక పని, డిస్కులో రికార్డవటం ఇంకో పని, ఫోన్లోకి రావడం మూడో పని. ఒకటి బాగుందంటే మిగతా రెండూ బాగున్నట్టు కాదు. పై వీడియోలో చూపించినవే ఇక్కడ వివరంగా రాస్తున్నాం. మీ డీవీఆర్ ముందు కూర్చుని ఒక్కొక్కటీ సరిచూసుకోండి.

ముందు కరెంటు సంగతి

అన్నిటికన్నా ముందు డీవీఆర్‌కి ఏ లైను నుంచి కరెంటు వస్తుందో చూడండి. వ్యవసాయ ఫీడరు మీద మనకి పగటిపూట 9 గంటలు ఉచిత కరెంటు ఇస్తున్నారు. డీవీఆర్‌ని మోటారు షెడ్డులో పెట్టి ఆ లైనుకే కలిపితే, ఆ కరెంటు పోయిన దగ్గర్నుంచి మళ్లీ వచ్చేదాకా కెమెరా కూడా నిద్రపోద్ది. కేబుల్ కోసేవాడు వచ్చేది కూడా లైనులో కరెంటు లేని వేళకే. పగలు చూసినప్పుడల్లా కెమెరా పనిచేస్తుంటుంది కాబట్టి ఈ లోపం మన కంటికి కనపడదు.

ఇంటికీ తోటకీ దూరం తక్కువైతే డీవీఆర్ ఇంట్లోనే పెట్టి కెమెరాలకి ఇంటి నుంచే కరెంటు ఇవ్వండి. దూరమైతే బ్యాటరీ, ఇన్వర్టరు పెట్టుకోవాలి. లెక్క కష్టమేం కాదు. నాలుగు కెమెరాలు, ఒక డీవీఆర్ కలిపి సుమారు 35 వాట్లు అనుకోండి. 12 గంటలకి 420 వాట్ అవర్లు. 12 వోల్టుల 100 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో 1200 ఉంటాయి, సగమే వాడుకున్నా 600. రాత్రి గడిచిపోద్ది.

డిస్కు ఎన్ని రోజులు దాస్తుంది?

"ఒక టీబీ హార్డ్ డిస్క్ వేశాం, నెల రోజులు ఉంటుంది" అని బిగించినాయన చెప్పి వెళ్లిపోతాడు. ఆ మాట పట్టుకోకుండా మీరే లెక్క వేసుకోండి. డీవీఆర్ సెట్టింగుల్లో బిట్ రేటు అని ఉంటుంది. 1 ఎంబీపీఎస్ అంటే రోజుకి 10.8 జీబీ. కెమెరా 2 ఎంబీపీఎస్ మీద ఉంటే రోజుకి 21.6 జీబీ, నాలుగు కెమెరాలకి 86 జీబీ. అంటే ఒక టీబీ డిస్కు సుమారు 11 రోజులే వస్తుంది. అదే పాత హెచ్.264 పద్ధతిలో 4 ఎంబీపీఎస్ పెట్టి ఉంటే ఐదారు రోజులే. ఆ తర్వాత పాతది చెరిగిపోయి దాని మీద కొత్తది ఎక్కుతుంది.

ఇది ఎక్కడ దెబ్బ కొడుతుందంటే, తోటలో దొంగతనం అదే రోజు తెలియదు. పెళ్లికో పుష్కరాలకో వెళ్లి వారం తర్వాత వచ్చి మోటారు వేస్తే అప్పుడు తెలుస్తుంది స్టార్టరు లేదని. అప్పటికి ఆ రాత్రి చెరిగిపోయి ఉంటుంది. కాబట్టి మీరు ఎన్నాళ్లకోసారి తోట మూలమూలా తిరిగి చూస్తారో, దానికి రెట్టింపు రోజులు డిస్కులో ఉండేలా చూసుకోండి. కెమెరా, డీవీఆర్ రెండూ ఒప్పుకుంటే హెచ్.265కి మార్చండి. సెకనుకి 25 ఫ్రేముల బదులు 12 చాలు. బిట్ రేటు కూడా దానితోపాటు తగ్గించుకుంటే రోజులు పెరుగుతాయి.

కదలిక ఉంటేనే రికార్డయ్యే మోషన్ పద్ధతి చోటు మిగులుస్తుంది గానీ, అరటి తోటలో అది పనిచేయదు. గాలికి ఆకు ఊగితే చాలు, రికార్డు మొదలెడుతుంది. రాత్రిపూట కెమెరా లైటుకి పురుగులు వస్తాయి, వాటికోసం సాలీడు గూడు అల్లుతుంది. సాలీడు మన పొలానికి మిత్రుడే, కెమెరా అద్దానికి మాత్రం కాదు. తెల్లారేసరికి డిస్కు నిండా ఆ గూడే ఉంటుంది. అద్దం పొడి గుడ్డతో తుడుస్తూ ఉండండి. గేటు, మోటారు, పాక, ఈ మూడు కెమెరాలు మాత్రం 24 గంటలూ రికార్డయ్యేలా పెట్టుకోండి.

డిస్కు ఉంది, రికార్డు లేదు

డీవీఆర్ కీచుకీచుమని కూస్తుంటే విసుగొచ్చి బజరు ఆపేస్తారు చాలామంది. అది కూసేది డిస్కులో తేడా వచ్చిందని చెప్పడానికే. మెనూలో హార్డ్ డిస్క్ స్టేటస్ తెరిచి చూడండి. "నార్మల్" అని ఉండాలి. "ఎర్రర్" అనో, అసలు డిస్కే లేదనో చూపిస్తే ముందు అడాప్టరుని అనుమానించండి. డిస్కు తిరగడం మొదలెట్టేటప్పుడు కరెంటు ఎక్కువ లాగుతుంది. పాతబడిన అడాప్టరు అంత ఇవ్వలేదు. డిస్కు టిక్కు టిక్కుమని ఆగిపోతుంది, కెమెరాలు మాత్రం తెర మీద చక్కగా కనపడుతూనే ఉంటాయి. మంచి అడాప్టరు పెట్టి, లోపలి రెండు వైర్లూ గట్టిగా నొక్కి చూడండి. అప్పటికీ రాకపోతేనే డిస్కు మార్చండి. కంప్యూటర్ డిస్కు కాకుండా రేయింబవళ్లు రాయడానికి చేసిన సర్వైలెన్స్ డిస్కు అడిగి తీసుకోండి.

"ఓవర్‌రైట్" ఆఫ్‌లో ఉంటే డిస్కు నిండగానే రికార్డు ఆగిపోతుంది. ఆన్ చేసుకోండి. సోలార్ సిమ్ కెమెరాల్లో మెమరీ కార్డు అరిగిపోయినా ఇదే జరుగుతుంది: లైవ్ వస్తుంది, రికార్డు ఉండదు.

ప్లేబ్యాక్‌లో ఆ రాత్రి కనపడకపోతే

రికార్డు లేదని అనేసుకోకండి, గడియారం చూడండి. డీవీఆర్ లోపల రూపాయి బిళ్ల లాంటి బ్యాటరీ ఉంటుంది, సీఆర్2032 అంటారు. అది అయిపోతే కరెంటు పోయి వచ్చినప్పుడల్లా తేదీ 2000 సంవత్సరానికో, ఇంకో పాత తేదీకో వెళ్లిపోతుంది. రికార్డు అవుతూనే ఉంటుంది గానీ ఆ పాత తేదీ కింద దాక్కుంటుంది. క్యాలెండర్లో ఆ తేదీకి వెళ్లి వెతకండి. ఇంకో మాయ, టైమ్ జోన్. కొన్ని డీవీఆర్లు చైనా టైముతో వస్తాయి. మనకన్నా అది రెండున్నర గంటలు ముందు. రాత్రి ఒంటిగంటకి జరిగింది మూడున్నర దగ్గర కనపడుతుంది. టైమ్ జోన్ 5:30కి పెట్టి, నెట్ నుంచి టైము తీసుకునే ఎన్‌టీపీ ఆన్ చేయండి.

ఫోన్లో రాకపోతే

నెట్ లేకపోయినా డిస్కున్న డీవీఆర్‌లో రికార్డు ఆగదు, ముందు ఆ గాబరా వద్దు. తర్వాత వరసగా చూడండి. డీవీఆర్‌కి కరెంటు ఉందా? రౌటరు సిమ్‌లో రీఛార్జి, డేటా ఉన్నాయా? డీవీఆర్ మెనూలో పీ2పీ లేదా క్లౌడ్ దగ్గర "ఆన్‌లైన్" అని ఉందా?

రౌటరు మార్చినప్పుడు చాలామందికి ఇక్కడే ఆగిపోతుంది. పాత రౌటరు 192.168.1.1, కొత్తది 192.168.29.1 అయితే డీవీఆర్ పాత దారిలోనే వెతుకుతూ ఉంటుంది. డీహెచ్‌సీపీ ఆన్ చేస్తే కొత్త దారి తనే పట్టుకుంటుంది. అయినా ఆఫ్‌లైన్ అంటే డీఎన్‌ఎస్ దగ్గర 8.8.8.8 వేసి చూడండి. పోర్ట్ ఫార్వర్డింగ్ జోలికి వెళ్లొద్దు. సిమ్ నెట్‌లో చాలామంది వాడకందార్లు ఒకే పబ్లిక్ అడ్రసు వెనక ఉంటారు, కాబట్టి అది సాధారణంగా పనిచేయదు. క్యూఆర్ కోడ్‌తో కలిపే పీ2పీ పద్ధతి చాలు.

డేటా లెక్క కూడా గుర్తుంచుకోండి. తక్కువ క్వాలిటీ సబ్ స్ట్రీమ్‌లో కూడా ఒక్కో కెమెరాకి గంటకి సుమారు 225 ఎంబీ. నాలుగూ తెరిచి పెడితే గంటకి 900. రోజుకి 1.5 జీబీ ప్యాక్ రెండు గంటలు కూడా రాదు. శివరాత్రికి వీరభద్రస్వామి గుడికి పడవల మీద జనం దాటే రోజుల్లో వచ్చినవాళ్ల ఫోన్లు, మన రౌటరు అన్నీ ఒకే టవర్ మీద పడతాయి. ఆ రోజు కెమెరా రాలేదని డీవీఆర్ రీసెట్ కొట్టకండి.

పాస్‌వర్డు, ఖాతా మీ పేరునే, మీ నంబరునే ఉండాలి. బిగించినాయన ఖాతాలో ఉంటే ఆయన ఫోను తీయని రోజు మీ కెమెరా మీది కాదు. ఫ్యాక్టరీ పాస్‌వర్డు ఉంచేసిన కెమెరాలు, డీవీఆర్లలోకే 2016లో మిరాయ్ అనే వైరస్ దూరింది. ఆ ఏడాది అక్టోబరు 21న వాటినే వాడుకుని అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైట్లని ఆపేశారు.

దొంగతనం జరిగిందని తెలియగానే

"డిస్కు ఇనిషియలైజ్ చేయాలా?" అని అడిగితే ఒప్పుకోకండి, ఉన్నదంతా పోద్ది. పాత రికార్డు చెరిగే రోజు దగ్గర పడితే అవసరమైన భాగం వెంటనే పెన్‌డ్రైవ్‌లోకి తీయండి. డీవీఆర్ పెన్‌డ్రైవ్‌ని గుర్తించకపోతే దాన్ని ఫ్యాట్32 కి ఫార్మాట్ చేసి పెట్టండి. సంఘటనకి గంట ముందు నుంచి గంట తర్వాత దాకా తీయండి. డీవీఆర్ గడియారం, మీ ఫోను గడియారం పక్కపక్కన పెట్టి ఒక ఫొటో తీసుకోండి. టైము తేడా ఎంతో తర్వాత చెప్పడానికి పనికొస్తుంది.

వాట్సాప్‌లో పంపిన ముక్క మీద ఆధారపడకండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలో సెక్షన్ 63 ప్రకారం ఇలాంటి రికార్డు కాపీకి ధ్రువపత్రం కావాలి. అందుకే అసలు డిస్కు భద్రంగా ఉంచండి. పోలీసులు తీసుకెళ్తే రసీదు అడగండి.

గోదారి పెరుగుతుంటే

2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది. ఒడ్డు షెడ్డులో కింద బల్ల మీద పెట్టిన డీవీఆర్‌కి అలాంటి ఏడాది దిక్కుండదు. ధవళేశ్వరంలో మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులకి ఇస్తారు. అది వినగానే కావలసినది కాపీ చేసుకోండి. 13.75 దగ్గర రెండోది వచ్చేలోపు డీవీఆర్ విప్పి ఇంటి అటక మీద పెట్టండి. తడిస్తే మాత్రం ఆరబెట్టకుండా కరెంటు ఇవ్వొద్దు.

వారానికి ఐదు నిమిషాలు

ఆదివారం జీవామృతం కలుపుకునే వేళకి ఈ పని కూడా పెట్టుకోండి. లైవ్ చూడటం కాదు, ప్లేబ్యాక్ తెరవండి. మొన్న రాత్రి రెండు గంటలకి పాక కెమెరా వేసి చూడండి, ఆవు కనపడాలి. తర్వాత క్యాలెండర్లో అన్నిటికన్నా పాత రోజు ఏదో చూసి గోడ మీద రాయండి. పోయినవారం 11 రోజులుండి ఈ వారం 4 రోజులే ఉంటే ఎక్కడో ఏదో మారిందన్నమాట. గడియారం, డిస్కు స్టేటస్ చూసి, అద్దం తుడిచి దిగండి. దొంగ వచ్చాక రికార్డు వెతకడం కన్నా, రాకముందు ఉందో లేదో చూసుకోవడం తేలిక.