పాత పికప్‌లో ఆటో హెడ్‌లైట్లు మొండికేస్తే.. గ్యారేజీకి వెళ్లే ముందు ఇవి చూడండి

అమెరికాలో ఉంటున్న మనవాళ్లు చాలామంది సామాను మోయడానికో, చిన్న వ్యాపారానికో సెకండ్ హ్యాండ్ పికప్ కొంటుంటారు. 1999 నుంచి 2006 మధ్య మోడళ్ల షెవర్లే సిల్వరాడో, జీఎంసీ సియెర్రా లాంటివి ఇప్పటికీ రోడ్ల మీద బాగానే కనిపిస్తాయి. ఇంజిన్ గట్టిదే. కానీ ఈ వయసు బండ్లలో ఆటోమేటిక్ హెడ్‌లైట్లు మాత్రం సతాయిస్తాయి. కొన్నిటిలో పట్టపగలు కూడా ఆరవు. కొన్నిటిలో చీకటి పడ్డా వెలగవు. మొదటిది చికాకు, అంతే. రెండోది ప్రాణాల మీదికి తెస్తుంది.

ఎందుకో చూద్దాం. ఈ బండ్లలో పగటిపూట వెలిగే లైట్లు వేరు, రాత్రి హెడ్‌లైట్లు వేరు. పగటి లైట్లను డీఆర్‌ఎల్ అంటారు. 1989 డిసెంబర్ నుంచి తయారయ్యే కొత్త బండ్లకు కెనడా వీటిని తప్పనిసరి చేసింది. అమెరికాలో అలాంటి రూల్ లేకపోయినా జీఎం కంపెనీ 1990ల మధ్య నుంచి తన బండ్లకు పెడుతూ వచ్చింది. చిక్కంతా ఇక్కడే. డీఆర్‌ఎల్ ముందువైపే వెలుగుతుంది, వెనక ఎర్ర లైట్లు వెలగవు. చీకటి పడిందని సెన్సర్ చెబితేనే అసలు హెడ్‌లైట్లు, వెనక లైట్లు, మీటర్ లైట్లు ఆన్ అవుతాయి. సెన్సర్ పాడైతే ముందు ఎంతో కొంత వెలుతురు ఉంటుంది కాబట్టి డ్రైవర్ బేఫికర్‌గా పోతుంటాడు. వెనక వచ్చే ట్రక్కు డ్రైవర్‌కు మాత్రం ఈ బండి కనిపించదు. కెనడాలో వీటికి ‘దెయ్యం బండ్లు’ అని పేరే పడింది. అందుకే అక్కడ 2021 సెప్టెంబర్ నుంచి కొత్త బండ్లకు రూల్ మార్చారు.

సంజె వేళ మీ బండిలో మీటర్ లైట్లు వెలగడం లేదంటే వెనక లైట్లు కూడా లేవేమోనని అనుమానించండి. గోడకు వెనక్కి పెట్టి చూస్తే ఎర్ర వెలుగు పడుతుందో లేదో తెలిసిపోతుంది.

ఇక సెన్సర్ సంగతి. డాష్‌బోర్డు పైన, ముందు అద్దానికి దగ్గర్లో చిన్న గుండ్రటి బొడిపెలా ఉంటుంది. చాలా బండ్లలో ఇది పనిచేసే తీరు తేలికే. వెలుతురు పడితే కరెంటుకు అడ్డు తగ్గుతుంది, చీకటైతే పెరుగుతుంది. వైరు తెగినా, ప్లగ్ ఊడినా అడ్డు పూర్తిగా పెరిగినట్టే. కంప్యూటర్ దాన్ని చీకటి అనుకుని పగలు కూడా లైట్లు వేసేస్తుంది.

కానీ వైర్ల దాకా వెళ్లకముందే డాష్‌బోర్డు చూడండి. టెక్సాస్ లాంటి చోట్ల ఎండకు డాష్‌బోర్డు పగలకుండా మ్యాట్ వేస్తారు. అది సెన్సర్ మీద పడిందంటే బండికి ఎప్పుడూ రాత్రే! ఫోన్ స్టాండు, పార్కింగ్ చీటీలు, ఏళ్ల నాటి దుమ్ము కూడా ఇదే పని చేస్తాయి. మెత్తని గుడ్డతో తుడిచి చూడండి. పైసా ఖర్చు లేని రిపేరు.

తర్వాత పరీక్ష. పగలు బండి స్టార్ట్ చేసి, స్విచ్ ఆటోలో ఉంచి, సెన్సర్ మీద నల్లటి మందపు గుడ్డ కప్పండి. పార్కింగ్ బ్రేక్ వదిలి ఉండాలి. చాలా జీఎం బండ్లలో బ్రేక్ వేసి స్టార్ట్ చేస్తే, దాన్ని వదిలేదాకా పగటి లైట్లు రావు. అందుకని బండి కదలకుండా చక్రాలకు అడ్డు పెట్టుకోండి. ఒక నిమిషం ఆగండి. వంతెన కింద నీడ పడగానే లైట్లు వెలిగి ఆరిపోకుండా కావాలనే కాస్త ఆలస్యం పెట్టారు. చాలామంది ఇక్కడే తొందరపడి సెన్సర్ పోయిందనుకుంటారు. రాత్రిపూట దీన్నే తిరగేసి, సెన్సర్ మీద బలమైన టార్చి కొట్టి చూడొచ్చు.

గుడ్డ కప్పినా వెలగలేదా? ఇప్పుడు స్విచ్ తిప్పి చేత్తో హెడ్‌లైట్లు వేయండి. వెలిగితే బల్బులు, ఫ్యూజులు బాగున్నట్టే, తేడా సెన్సర్ వైపో, కంప్యూటర్ మాడ్యూల్ వైపో ఉంది. సెన్సర్ చవక కాబట్టి ముందు దాన్నే మార్చాలి. నేరుగా మాడ్యూల్ మార్చాలనే మెకానిక్‌ను ఎలా పరీక్షించారో అడగండి.

చేత్తో వేసినా వెలగకపోతే దారి వేరు. ఒక్కటే ఆరితే ముందు బల్బు చూడండి. రెండూ ఆరితే ఫ్యూజు, రిలే చూడాలి. బానెట్ కింద పెట్టెలో అదే నంబరున్న వేరే రిలే ఉంటే దాన్ని పెట్టి చూడొచ్చు. అవీ బాగుంటే బల్బు ప్లగ్ తీసి చూడండి. పాత బండ్లలో వేడికి ప్లగ్ కరిగి నల్లబడుతుంది. ఎర్త్ వైరును కూడా మరవొద్దు. మంచు పడే చికాగో లాంటి ఊళ్లలో రోడ్డు మీద చల్లే ఉప్పుకు ఎర్త్ బోల్టు తుప్పు పట్టి లైట్లు మినుకుమినుకుమంటాయి. హాలోజన్ తీసి ఎల్ఈడీ బల్బులు పెట్టిన బండిలో పగటి లైట్లు మాత్రమే మినుకుతుంటే, ఆ ఎల్ఈడీలనే అనుమానించాలి.

డాష్‌బోర్డు విప్పే పని ఉంటే ముందు బ్యాటరీ నెగెటివ్ తీసేయండి. పసుపు రంగు ప్లగ్‌లు ఎయిర్‌బ్యాగ్‌వి, వాటి జోలికి పోవద్దు. కొత్త హాలోజన్ బల్బు గాజును వేళ్లతో ముట్టుకోవద్దు. చేతి జిడ్డు అంటితే త్వరగా మాడిపోతుంది. అమెరికా రవాణా భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైట్‌లో 17 అక్షరాల విన్ నంబర్ కొడితే మీ బండికి రీకాల్ ఏదైనా ఉందేమో ఉచితంగా చూపిస్తుంది.

రిపేరు అయ్యేదాకా ఆటోను నమ్మకండి, స్విచ్ మీరే తిప్పండి. టెక్సాస్ చట్టం ప్రకారం సూర్యాస్తమయం తర్వాత అరగంట నుంచి సూర్యోదయానికి అరగంట ముందు దాకా, 1,000 అడుగుల దూరం సరిగా కనిపించనప్పుడు కూడా లైట్లు వేయాల్సిందే. వేరే రాష్ట్రంలో ఉంటే అక్కడి రూల్ చూసుకోండి. వాన పడే పగటిపూట మరీ జాగ్రత్త. సెన్సర్ బాగున్నా ఆ వెలుతురు చాలని అనుకుని హెడ్‌లైట్లు వేయకపోవచ్చు.