అజ్రఖ్: కొలత తప్పని చేతిపని

గోల్కొండ పాదుషాల సమాధుల మీది నగిషీలను, పాత మసీదుల జాలీలను ఒకసారి నిదానంగా చూడండి. ప్రాణుల బొమ్మలుండవు. నక్షత్రాలు, అష్టకోణాలు, ఒకదానిలో ఒకటి అల్లుకున్న వలయాలు ఉంటాయి. మన పూర్వీకులు రాతి మీద, సున్నం మీద చూపిన ఈ లెక్కనే గుజరాత్‌లోని కచ్ ప్రాంతపు ముస్లిం ఖత్రీలు బట్ట మీద అచ్చు వేస్తున్నారు. ఆ బట్ట పేరు అజ్రఖ్.

అరబీలో 'అజ్రఖ్' అంటే నీలం. పేరు అక్కడి నుంచే వచ్చిందని పలువురి అభిప్రాయం. 'ఆజ్ రఖ్' అంటే 'ఈ రోజుకు ఉంచు' అని కారీగర్లు చమత్కరిస్తారు. ఒక్కో దశ తర్వాత బట్టను ఆరనిచ్చి ఆగవలసిందే కాబట్టి ఆ మాటా తగినదే. ఈ ఖత్రీల పెద్దలు 16వ శతాబ్దంలో కచ్ రాజు పిలుపుపై సింధ్ నుంచి వచ్చి, ధమడ్కా గ్రామంలో స్థిరపడ్డారు. పశువుల కాపరులు లుంగీగా, తలపాగాగా, శాలువాగా వాడుకున్న బట్ట ఇది.

పర్కార్‌తో మొదలు

చతురస్రం గీసి, అందులో పర్కార్‌తో వలయం తిప్పి, దాన్ని సమభాగాలుగా విడదీస్తే నక్షత్రం పుడుతుంది. దాన్ని కొయ్య దిమ్మె మీద చెక్కుతారు. ఒక నమూనాకు ఒక్క అచ్చు చాలదు. తెల్లని రేఖలకు ఒకటి, నలుపుకు ఒకటి, ఎరుపుకు మరొకటి కావాలి. వెనక వచ్చే ప్రతి అచ్చూ మొదటి దాని గీతల మధ్యే పడాలి. మొదటి వరస వెంట్రుకవాసి వంకరపోతే చివరి వరసకు ఆ వంకర బెత్తెడవుతుంది.

మేలైన అజ్రఖ్‌ను రెండు వైపులా అద్దుతారు. కుడి ఎడమలు సమానంగా ఉన్న నమూనా అయితే వెనక నుంచి వేసినా సరిగ్గా ముందు బొమ్మ మీదే కూర్చుంటుంది. క్షేత్రగణితం ఇక్కడ అందానికే కాదు, పనికీ ఆధారం.

నీరు, ఓపిక

ముందుగా బట్టను ఆముదం, సోడా, ఒంటె పేడ కలిపిన నీటిలో నానబెట్టి ఉతుకుతారు. తర్వాత కరక్కాయ నీటిలో ముంచి ఆరబెడతారు. సున్నం, తుమ్మజిగురు ముద్దతో అద్దిన గీతలకు రంగు పట్టదు, తెల్లగా నిలుస్తాయి. ఇనుప ముక్కలు, బెల్లం పులియబెట్టిన ద్రావణం కరక్కాయ తగలగానే నల్లబడుతుంది. పటిక అద్దిన చోట మంజిష్ఠతో ఉడికించినప్పుడు ఎరుపు తేలుతుంది. నీలిమందు తొట్టిలో నీలం వస్తుంది. మొత్తం 14 నుంచి 16 దశలు.

ఇన్నిసార్లు ఉతకడానికి మంచి నీరు కావాలి. ధమడ్కా పక్కనున్న సారణ్ నది ఎండిపోయింది. భూగర్భ జలంలో ఇనుము పెరిగి రంగులు మసకబారాయి. దానికి తోడు 2001 జనవరి 26న భూకంపం ఊరిని కూల్చింది. అయినా చాలా కుటుంబాలు భుజ్ దగ్గర కొత్త ఊరు కట్టుకుని, దానికి 'అజ్రఖ్‌పూర్' అని తమ హునర్ పేరే పెట్టుకున్నాయి. వారిలో ఒకరైన ఇస్మాయిల్ మొహమ్మద్ ఖత్రీకి 2003లో ఇంగ్లండ్‌లోని డి మాంట్‌ఫోర్ట్ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. 2024లో కచ్ అజ్రఖ్‌కు భౌగోళిక గుర్తింపు లభించింది.

పేరు దొంగతనం

నేడు వీరికి కరువు కంటే పెద్ద కష్టం నకిలీ. మిల్లులో గంటల్లో తయారైన బట్టకు అదే నమూనా వేసి 'చేతి అచ్చు అజ్రఖ్' అని అమ్ముతున్నారు. మిల్లు బట్ట కట్టుకోవడం తప్పని మేము అనడం లేదు. పేదవాడికి అదే అందుబాటు. కానీ మిల్లుదాన్ని చేతిదని చెప్పి అమ్మడం మోసం. కొలతల్లో, తూకాల్లో మోసగించేవారిని దివ్య ఖుర్ఆన్ 83వ సూరా తీవ్రంగా హెచ్చరిస్తున్నది. గజం కొరత పెట్టడమే కాదు, గుణం కొరత పెట్టడమూ ఆ కోవలోదే అని మా విన్నపం.

కొనేవారికీ బాధ్యత ఉంది. బట్ట తిప్పి చూడండి. అచ్చుకూ అచ్చుకూ మధ్య అతుకు వెతకండి. ఎక్కడో ఒక గీత కాస్త మందంగా, మరోచోట పలుచగా కనిపిస్తే అది చెయ్యి వదిలిన జాడ. దుకాణంలో సగానికి సగం బేరమాడే ముందు ఆ 16 దశలను గుర్తు తెచ్చుకోండి.

ఇది కచ్‌కు మాత్రమే చెందిన మాట కాదు. కృష్ణా జిల్లా పెడనలో నేటికీ కలంకారీ అచ్చులు పడుతున్నాయి. అక్కడా కరక్కాయే, పటికే, బెల్లంతో పులిసిన ఇనుమే. గోల్కొండ పాలనలో మచిలీపట్నం రేవు నుంచి ఇటువంటి బట్టలు ఓడలెక్కి ఇరాన్ వెళ్లాయి. కలం, కారీ అన్న రెండు మాటలూ ఫారసీవే.

హజ్రత్ దావూద్ (అలైహిస్సలాం) తన చేతి కష్టంతోనే తినేవారని హదీసు. పిల్లల చేతికి పుస్తకంతో పాటు పర్కార్ కూడా ఇవ్వండి. ఒక వలయాన్ని ఎనిమిది భాగాలు చేయమనండి. మొదటి గీత నిటారుగా ఉంటేనే చివరిది కలుస్తుందని వారికే తెలిసివస్తుంది. వ్యాపారంలోనూ, జీవితంలోనూ అదే సూత్రం. అల్లాహ్ మనందరికీ హలాల్ రోజీని, అందులో బర్కత్‌ను ప్రసాదించుగాక. ఆమీన్.