రేడియోధార్మిక సమ్మేళనాలు – బీజకణాలకు కలిగే జన్యుహాని

గోదావరి డెల్టా తీరపు ఇసుకలో థోరియం గల మోనజైట్ ఖనిజం ఉంది. గుండె పరీక్షల కోసం రక్తంలోకి ఎక్కించే పదార్థాలలో థాలియం-201 ఒకటి. రెండూ రేడియోధార్మికాలే. అయితే మోనజైట్ నీటిలో దాదాపు కరగదు. దాని గామా కిరణాలు శరీరాన్ని వెలుపలి నుండి తాకుతాయి. థాలియం మాత్రం రక్తం ద్వారా వృషణాలతో సహా పలు అవయవాల కణాలలోకి చేరుతుంది. బీజకణాల హానిని అంచనా వేయడంలో ఈ భేదమే కీలకం.

దేహకణంలోని డి.ఎన్.ఎ.లో ఏర్పడిన మార్పు ఆ వ్యక్తితోనే అంతమవుతుంది. బీజకణంలోని మార్పు సంతానానికి సంక్రమించవచ్చు. ఎక్స్-కిరణాలు పండ్ల ఈగలలో ఇటువంటి ఉత్పరివర్తనాలు కలిగిస్తాయని 1927లో హెర్మన్ ముల్లర్ వెల్లడించాడు. మానవునిలో శుక్రకణం రూపొందడానికి సుమారు 74 రోజులు పడుతుంది. కనుక ఎదుగుతున్న కణాలలోని నష్టం కొన్ని నెలలలో తొలగిపోతుంది. మూలకణాలలో నిలిచిన మార్పు ఆ తరువాత పుట్టే శుక్రకణాలకూ చేరుతూ ఉంటుంది.

వికిరణ మోతాదును సాధారణంగా అవయవం మొత్తం గ్రహించిన శక్తి సగటుగా, గ్రేలలో లెక్కిస్తారు. ఈ సగటు అన్ని సమ్మేళనాలకూ చాలదని దండమూడి వి. రావు, కె.ఎస్.ఆర్. శాస్త్రి తదితరులు అమెరికాలో ఎలుకల వృషణాలపై జరిపిన ప్రయోగాలు చూపాయి. 1983లో ప్రచురితమైన అధ్యయనంలో, సమాన మోతాదు వద్ద బీటా కణాలను వెలువరించే థాలియం-204 కంటే థాలియం-201 ఎక్కువ హాని కలిగించింది. దీనికి కారణం థాలియం-201 నుండి వెలువడే ఆగర్ ఎలక్ట్రాన్లు. వాటి శక్తి స్వల్పం, ప్రయాణ దూరం అత్యల్పం. అందుచేత శక్తి అంతా విఘటన స్థానం చుట్టూనే కేంద్రీకృతమవుతుంది.

1989లో ప్రచురితమైన మరో అధ్యయనం దీనిని మరింత స్పష్టం చేసింది. డి.ఎన్.ఎ.లో కలిసిపోయే సమ్మేళనంగా ఇచ్చిన అయొడిన్-125, పొలోనియం-210 ఆల్ఫా కణాలతో పోల్చదగిన హాని చేసింది. అదే అయొడిన్ కణద్రవ్యంలో నిలిచే సమ్మేళనంగా ఉన్నప్పుడు ప్రభావం ఎంతో తగ్గింది. మూలకం ఒకటే, మారినది కణంలో దాని స్థానం.

ఈ ప్రయోగాలు ప్రధానంగా కొలిచినది కణనాశనాన్ని. వంశపారంపర్య వ్యాధులను కాదు. హిరోషిమా, నాగసాకి బాధితుల సంతానంపై దీర్ఘకాలం సాగిన పరిశీలనలలో జన్యుపరమైన వ్యాధుల పెరుగుదల స్పష్టంగా కనిపించలేదు. అయితే ఆ ప్రజలు పొందినది ముఖ్యంగా బాహ్య వికిరణం. ఆ ఫలితాన్ని డి.ఎన్.ఎ.లో చేరే సమ్మేళనాలకు యథాతథంగా వర్తింపజేయడం సరికాదు. తీరపు ఇసుకకు గామా మాపనం ప్రాథమిక అంచనానిస్తుంది; శరీరంలోకి ప్రవేశించే సమ్మేళనానికి మోతాదుతో పాటు రసాయన రూపాన్నీ, కణంలో దాని స్థానాన్నీ పరిశీలించాలి.