అప్పు వేరు, ఆలోచన వేరు

ఎత్తిపోతల దగ్గర చంద్రవంక దూకే చోటు చూసి వెళ్లే యాత్రికులకు మాచర్ల వైపు మిర్చి చేల కష్టం కనిపించదు. 2021-22లో ఆ పూతలోకి కొత్తరకం తామర పురుగు దిగింది. పంట పోయినా కౌలురైతుకు కౌలూ, వడ్డీ తప్పలేదు. అలాంటి ఇంటికి వెళ్లిన సామాజిక కార్యకర్త అర్జీలు రాసిపెట్టగలరు. మరి మనసు సంగతి?

మనోవైద్యుడు ఆరన్ బెక్ 1960లలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో రూపొందించిన ప్రజ్ఞా ప్రవర్తనా చికిత్స ఇక్కడ పనికొస్తుంది. ఆలోచన, భావం, చేత ఒకదాన్నొకటి లాగుతాయన్నదే దాని మూలసూత్రం.

ఒక కౌలురైతును ఊహిద్దాం. "ఊళ్లో నా మొహం ఎవరూ చూడట్లేదమ్మా" అంటాడు. కార్యకర్త ఊరడింపుతో సరిపెట్టరు. "పోయిన వారం ఎవరెవరు పలకరించారు బాబాయ్? ఎక్కడ?" అని అడిగి రాయిస్తారు. నెలరోజులుగా ఆయన టీకొట్టుకే పోలేదని తేలుతుంది. రేపు పొద్దున ఒక్కసారి పోయి రావాలి, వెళ్లేముందూ వచ్చాకా మనసు బరువుకు పదికి మార్కులు వేసుకోవాలి. ఆ వారం పని అంతే. లంబాడీ తండాల్లో అయితే ఈ ప్రశ్నలు వాళ్ల మాటలోనే అడగాలి; తెలుగు ఫారం చదివి వినిపిస్తే మనసు విప్పరు.

అప్పు మాత్రం ఆలోచనా దోషం కాదు. ఉన్న బాకీని "నీ దృష్టి మార్చుకో" అని కొట్టిపారేయడం చికిత్స పేరిట చేసే అన్యాయం. 2019 సాగుదారు హక్కుల చట్టం కింద కౌలురైతుకు హక్కు కార్డు ఇప్పించడానికి తిరగడం ఒక పని. "బాకీపడ్డవాడు బతకదగినవాడు కాదు" అన్న తీర్పును పరీక్షకు పెట్టడం మరో పని. రెండూ చేతనైన మనిషి సామాజిక కార్యకర్తే.

ఈ చికిత్స మనోవైద్యులే చేయాలన్న నియమమూ లేదు. గోవాలో మనోవైద్యుడు విక్రమ్ పటేల్ బృందం ఈ కోవకే చెందిన, పనుల్లోకి మళ్లించే చికిత్సను శిక్షణ పొందిన మామూలు సలహాదారులతో 10 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో చేయించింది. తీవ్ర కుంగుబాటు ఉన్నవారిలో మూడు నెలలకు 64 శాతం మంది తేరుకున్నారు. మామూలు వైద్యం మాత్రమే అందినవారిలో 39 శాతం. మన పశ్చిమ గోదావరిలోనూ ఆశా కార్యకర్తలు మానసిక సమస్యలున్నవారిని గుర్తించి డాక్టరుకు చూపించిన ప్రయోగం జరిగింది.

చావు మాట నోట వస్తే ఈ రాతలన్నీ పక్కన పెట్టాలి. ఆ మనిషిని ఒంటరిగా వదలకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416. పగలూ రాత్రీ ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.