తారీఖు కాక

షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో మా పాత వర్క్‌షాపు ఫోర్‌మన్ కాక 2023 నవంబరులో కన్నుమూశారు. ఆయనది జగిత్యాల దగ్గర పల్లె. ఇంటివారు కోరినందున పేరు రాయడం లేదు. అయినా ఆయనతో పనిచేసినవారికి ‘తారీఖు కాక’ అంటే చాలు.

ఆ పేరు కటింగ్ డిస్కుల వల్ల వచ్చింది. డిస్కు మధ్యనున్న ఇనుప రింగు మీద గడువు తేదీ అచ్చు వేసి ఉంటుంది. మనలో ఎంతమంది చూస్తాం? గడువు దాటితే డిస్కును పట్టి ఉంచే జిగురు బలం తగ్గుతుంది, తిరిగే వేగానికి పగిలి ముక్కలు ఎగురుతాయి. కాక గ్రైండర్ చేతికిచ్చే ముందు, “తారీఖు చూసినవా బిడ్డా?” అని అడిగేవారు. గార్డు తీసేసిన మెషీను కనబడితే స్విచ్చి ఆపేసేవారు. పని ఆలస్యమైందని సూపర్‌వైజర్ అరిస్తే, “నన్ను అను, పోరల్ని అనకు” అనేవారు. నేను అక్కడ టైమ్‌కీపర్‌గా ఉన్న ఆరేళ్ళలో ఆయన గ్యాంగులో ఒక్కరికీ డిస్కు దెబ్బ తగలలేదు.

సాయంత్రం రూములో ఆ చూపు కాగితాల మీదికి మళ్ళేది. ఎవరి పాస్‌పోర్టు ఎప్పటివరకు, ఎవరి వీసా ఎప్పటివరకు అన్నీ ఆయన నోటుబుక్కులో ఉండేవి. కొత్తగా వచ్చిన కుర్రాడి చేత లేబర్ కాంట్రాక్టు తెప్పించి, “మొత్తం జీతం కాదు, బేసిక్ ఎంతనో చూడు. ఊరికి పోయేటప్పుడు లెక్క దాని మీదనే అయితది” అని చెప్పేవారు. ఈసీఆర్ పాస్‌పోర్టు మీద వచ్చేవారు తీసుకునే ప్రవాసీ భారతీయ బీమా సంగతీ ఆయనే చెప్పారు. ప్రమాదంలో చనిపోతే 10 లక్షల రూపాయలు. కానీ పాలసీ రెండేళ్ళకో మూడేళ్ళకో ముగుస్తుంది. “గడువు అయినంక అది ఉత్త కాగితం” అనేవారు.

ఆ రాత్రి ఛాతీలో మంటగా ఉందంటే గ్యాసేమోనని సోడా తాగి పడుకున్నారట. తెల్లవారుజామున డ్యూటీకి లేపితే లేవలేదు. గుండెపోటన్నారు డాక్టర్లు. అందరి తారీఖులూ చూసిన మనిషి తన బీపీ ఎప్పుడు చూపించుకున్నారో రూములో ఒక్కరికీ తెలియదు.

గుండెపోటు ప్రమాదం కింద రాదు కనుక ఆ బీమా అందలేదు. మిగిలింది సర్వీసు డబ్బు. 2022 ఫిబ్రవరి నుంచి అమలులో ఉన్న ఎమిరేట్స్ కార్మిక చట్టం ప్రకారం, కార్మికుడు చనిపోతే రావలసిన సొమ్ము 10 రోజుల్లోగా కుటుంబానికి అందాలి. లెక్క మొదటి ఐదేళ్ళకు ఏడాదికి 21 రోజుల బేసిక్, ఆపైన ఏడాదికి 30 రోజులు. కాక బేసిక్ 1,500 దిర్హాములు, సర్వీసు 14 ఏళ్ళు. అంటే రోజుకు 50. ఐదేళ్ళకు 5,250, తొమ్మిదేళ్ళకు 13,500, మొత్తం 18,750. కంపెనీ ఆఫీసు మాత్రం అన్ని ఏళ్ళకూ 21 రోజులే కట్టి 14,700 రాసింది.

అప్పటికి నేను వేరే కంపెనీ ఆఫీసులో క్లర్కును. రూమువాళ్ళు కబురు పెడితే వెళ్ళాను. కాక పెట్టెలో నోటుబుక్కుతో పాటు కాంట్రాక్టు కాపీ, చేరిన తేదీ ఉన్న కాగితం, పాస్‌పోర్టు కాపీ వరుసగా ఉన్నాయి. అవి ముందు పెట్టి అడిగితే ఆఫీసువాళ్ళు లెక్క దిద్దారు. తేడా 4,050 దిర్హాములు. ఇంటర్ చదివే కూతురి ఫీజు అందులోంచే కట్టామని వదిన ఫోనులో చెప్పారు. పోలీసు కాగితానికీ, కాన్సులేట్ అనుమతికీ ఆ పాస్‌పోర్టు కాపీయే పనికొచ్చింది. మనిషి పోయాక కూడా ఆయన కాగితాలు ఇంటివారి పక్షాన మాట్లాడాయి.

అన్నలారా, తమ్ముళ్ళారా, ఈ సెలవు రోజున ఒక గంట కేటాయించండి. కాంట్రాక్టు, పాస్‌పోర్టు, బీమా కాపీలు ఒకచోట పెట్టండి. అవి ఎక్కడున్నాయో ఇంటికీ, పక్క మంచం మనిషికీ చెప్పండి. బీపీ, షుగరు చూపించుకోండి. ఛాతీలో మంట వస్తే సోడా తాగి పడుకోకండి, 998కి ఫోను చేసి అంబులెన్సు పిలవండి. తెల్లారి డ్యూటీ పోయినా ఫరవాలేదు.