శూన్యాంశ దోషం: రైలు కుదుపులను కొలిచే త్వరణమాపకంలో తప్పును గుర్తించే విధానం

సికింద్రాబాద్ కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే 1966 అక్టోబరు 2న ఏర్పడింది. పట్టాల స్థితిని తెలుసుకోవడానికి భారతీయ రైల్వేలు అనుసరించే పద్ధతుల్లో, నడుస్తున్న పెట్టె నేలపై యాక్సిలరోమీటరును, అంటే త్వరణమాపకాన్ని ఉంచి నిలువు, పక్క కుదుపులను నమోదు చేయడం ఒకటి. అధిక వేగ మార్గాల్లో 0.15 జీ, ఇతర మార్గాల్లో 0.20 జీ దాటిన కుదుపులను లెక్కించడం చాలాకాలం ప్రమాణంగా ఉంది. ‘జీ’ అంటే గురుత్వ త్వరణం. పరికరం సున్నా 0.04 జీ జరిగిందనుకుందాం. 0.12 జీ కుదుపు 0.16గా కనిపించి, బాగున్న పట్టా మరమ్మతు జాబితాకెక్కుతుంది. వ్యతిరేక దిశలోని 0.18 జీ కుదుపు 0.14గా తగ్గి జాబితా నుంచి తప్పుకుంటుంది. రెండోదే ప్రమాదకరం.

ఈ ‘ఆఫ్‌సెట్’ను స్థానభ్రంశం అనడం కుదరదు, భౌతికశాస్త్రంలో ఆ మాట వేరొక రాశికి స్థిరపడింది. స్క్రూగేజి పాఠంలో విద్యార్థులెరిగిన ‘శూన్యాంశ దోషం’ ఇక్కడ తగిన మాట.

నిలిచిన పెట్టెలో పక్క అక్షం 0.04 జీ చూపినంత మాత్రాన దోషమని తేల్చరాదు. 2.3 డిగ్రీల వాలు ఉన్నా అంతే చూపుతుంది. వంపులో బయటి పట్టాను ఎత్తుగా వేస్తారు. పట్టాల తలల మధ్యదూరం 1750 మి.మీ., ఎత్తు 70 మి.మీ. అయితే, నిలిచిన రైలులో పక్క అక్షంపై పడే గురుత్వాంశం 0.04 జీయే. పరికరాన్ని అక్కడే 180 డిగ్రీలు తిప్పితే సంగతి తేలుతుంది. వాలు వల్ల వచ్చిన అంకె గుర్తు మార్చుకుంటుంది, దోషం మారదు. రెండూ కలిసి ఉంటే ఆ రెండు రీడింగుల సగటే దోషం.

నిలువు అక్షానికి తలకిందుల పరీక్ష అవసరం. నిటారుగా 1.04, తలకిందులుగా మైనస్ 0.96 వస్తే వాటి సగటు 0.04 దోషం. 1.04, మైనస్ 1.04 వస్తే మాత్రం సున్నా సరిగానే ఉంది, తప్పు సున్నితత్వంలో ఉంది. అప్పుడు 0.04 తీసివేస్తే లేని దోషాన్ని కొత్తగా చేర్చినట్లవుతుంది.

ఉదయం సరిచేసిన సున్నా మధ్యాహ్నం దాకా నిలవకపోవచ్చు. డిగ్రీకి 0.001 జీ చొప్పున జరిగే పరికరం 25 డిగ్రీల నుంచి 45కు వేడెక్కితే 0.02 జీ తేడా వస్తుంది. మరలు అసమానంగా బిగించినా చిప్పుపై ఒత్తిడి పడి సున్నా కదులుతుంది. అందుచేత బయలుదేరే ముందు, తిరిగి వచ్చాక ఒకే చోట నిశ్చల రీడింగులు తీసుకోవాలి. రెండింటికీ పొంతన లేకపోతే ముందు మరలను, తరువాత ఉష్ణోగ్రతను అనుమానించాలి.

అల్ప పౌనఃపున్యాలను తొలగించే వడపోతతో దోషం సులువుగా పోతుంది. అయితే వంపులో రైలుపై నిలకడగా పనిచేసే పక్క త్వరణం కూడా దానితోపాటే మాయమవుతుంది. వంపుల పరిశీలనకు అటువంటి నమోదు పనికిరాదు.