నర్సింగ్ పేపర్ రివ్యూకి వస్తే ఏం చూడాలి? లెక్క తప్పిన పరిశోధనను గుర్తుపట్టే దారులు

బెంగళూరు, హోసూరు, బరంపురం, షోలాపూర్, యానాం... మన ఇళ్లు ఏ ఊళ్లో ఉన్నా, బంధువుల్లో ఒక నర్సు ఉండటం ఇప్పుడు మామూలే. ఒకప్పుడు జీఎన్ఎం చేసి ఆసుపత్రిలో చేరితే చదువు అక్కడితో ఆగేది. ఇప్పుడు మన పిల్లలు ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ దాకా వెళ్తున్నారు, నర్సింగ్ కాలేజీల్లో పాఠాలు చెబుతున్నారు. ఎమ్మెస్సీకి థీసిస్ కావాలి. ఉద్యోగంలో పై మెట్టుకు పత్రికల్లో పేపర్లు కావాలి.

ఆ పేపర్ అచ్చుకు ముందు ఇద్దరు ముగ్గురు తోటి నిపుణుల చేతికి వెళ్తుంది. అదే పీర్ రివ్యూ. దీనికి జీతం ఉండదు, పేరు కూడా బయటికి రాదు. అయినా ఆ పేపర్ చదివి రేపు ఒక వార్డులో పద్ధతి మారుతుంది. ఆ వార్డులో పడుకున్నది మన అమ్మమ్మే కావచ్చు. అందుకే రివ్యూకి కూర్చునే మన వాళ్ల కోసం, థీసిస్ రాస్తున్న పిల్లల కోసం, వాళ్ల ఫీజులు కడుతున్న తల్లిదండ్రుల కోసం ఈ విషయాన్ని వివరంగా చెప్పాలనుకున్నాం.

మోసానికీ పొరపాటుకూ నడుమ

లేని రోగులను ఉన్నట్టు రాయడం, వచ్చిన అంకెలను మార్చడం, మరొకరి రాతను ఎత్తుకోవడం... ఈ మూడూ నేరుగా మోసం. తెలియక లెక్క తప్పడం పొరపాటు. ఈ రెంటికీ మధ్య పెద్ద జాగా ఉంది. నచ్చిన ఫలితాన్నే చూపించి మిగతావి దాచడం, ఒక అధ్యయనాన్ని మూడు పేపర్లు చేయడం, పని చేయని పెద్దవారి పేరు చేర్చడం లాంటివి అక్కడ ఉంటాయి. వీటిని సందేహాస్పద పరిశోధన పద్ధతులు అంటారు. "అందరూ చేసేదే కదా" అనే మాట ఎక్కువగా వినిపించేదీ ఇక్కడే.

ముందే చెప్పినా ఎవరూ వినకపోతే?

జపాన్‌కు చెందిన మత్తు డాక్టర్ యోషితాకా ఫుజీ, ఆపరేషన్ తర్వాత వచ్చే వికారం, వాంతుల మందులపై పేపర్ల మీద పేపర్లు రాశారు. రికవరీ గదిలో నర్సు రోజూ చూసే బాధే అది. 2000లో ముగ్గురు జర్మన్ డాక్టర్లు పత్రికకు ఒక లేఖ రాశారు. ఈయన పేపర్లలో తలనొప్పి వచ్చిన రోగుల సంఖ్య ప్రతి గుంపులోనూ దాదాపు ఒకేలా ఉంది, అంకెలు నమ్మలేనంత చక్కగా ఉన్నాయి అన్నది దాని సారాంశం. ఏమీ జరగలేదు. ఆ తర్వాత కూడా ఆయన పేపర్లు అచ్చవుతూనే వచ్చాయి. 2012లో జపాన్ మత్తు వైద్యుల సంఘం 212 పేపర్లను పరిశీలించి, 172లో కల్పిత సమాచారం ఉందని తేల్చింది. వాటిలో 126 పూర్తిగా కట్టుకథలే.

అంటే 12 ఏళ్లు పోయాయి. పేపర్లు అచ్చుకు ముందు చదివిన రివ్యూయర్లకు కూడా ఆ అంకెలు కంటి ముందే ఉన్నాయి.

ఒక పేపర్ మన చేతికొచ్చిందనుకుందాం

"ఎంపిక చేసిన ఆసుపత్రిలో మంచాన పడ్డ రోగుల బంధువులకు పడక పుండ్ల నివారణపై బోధన కార్యక్రమం, దాని ప్రభావం." శాంపిల్ 60 మంది. ముందు ఒక పరీక్ష, పాఠం, వారం తర్వాత మళ్లీ అదే పరీక్ష. మన రాష్ట్రాల నర్సింగ్ కాలేజీల్లో ఈ నమూనా తెలియనివారు ఉండరు. దాన్ని ఇలా చదవాలి.

మొదట రిజిస్ట్రేషన్. రోగుల మీద ఏదైనా పద్ధతిని పరీక్షించే అధ్యయనమైతే మన దేశపు క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ సీటీఆర్ఐలో వెతకాలి. 2007 జులైలో మొదలైన ఈ రిజిస్ట్రీ, 2018 ఏప్రిల్ 1 నుంచి మొదటి రోగిని చేర్చుకోకముందే నమోదు చేయాలన్న నియమం పెట్టింది. ఎవరైనా తెరిచి చూడవచ్చు. అక్కడ ప్రధానంగా కొలుస్తామన్నది నొప్పి, పేపర్‌లో ఘనంగా చెబుతున్నది ఆందోళన తగ్గిందని. అలాంటప్పుడు "నొప్పి ఫలితం ఏమైంది?" అని అడగాలి.

తర్వాత తలలు లెక్కపెట్టాలి. 60 మందితో మొదలైతే చివరి పట్టికలో 57 మందే ఎందుకున్నారు? ఆ ముగ్గురూ వెళ్లిపోయారా, తీసేశారా? 30 మందిలో 45 శాతం అని రాస్తే అది పదమూడున్నర మంది. అర మనిషి ఉండడు కదా!

సగటులోనూ ఇదే కిటుకు. నిక్ బ్రౌన్, జేమ్స్ హీథర్స్ అనే ఇద్దరు పరిశోధకులు దీన్ని ఒక పరీక్షగా మలిచి గ్రిమ్ అని పేరు పెట్టారు. 20 మంది రోగులు తమ నొప్పిని 0 నుంచి 10 లోపు పూర్ణ సంఖ్యలో చెప్పారనుకోండి. సగటు 3.47 అని రాశారు. 20తో గుణిస్తే మొత్తం 69.4 రావాలి. పూర్ణ సంఖ్యలు కూడితే 69 వస్తుంది లేదా 70 వస్తుంది, సగటు 3.45 లేదా 3.50 అవుతుంది. 3.47 ఎలా కూడినా రాదు. అచ్చుతప్పు కావచ్చు, ఒకరు జవాబివ్వకపోయి ఉండొచ్చు. కానీ అడగాల్సిందే. ఫోన్‌లో క్యాలిక్యులేటర్ ఉంటే చాలు, స్టాటిస్టిక్స్ డిగ్రీ అక్కర్లేదు.

తర్వాత పీ వాల్యూల వేట. మన థీసిస్‌లలో చివరి పట్టిక ఒకటి తప్పకుండా ఉంటుంది: వయసు, చదువు, ఆదాయం, మతం, కుటుంబ రకం... ఒక్కోదానికీ జ్ఞానం స్కోరుతో సంబంధం ఉందా అని. నిజానికి ఏ సంబంధమూ లేకపోయినా, విడివిడిగా పది పరీక్షలు చేస్తే కనీసం ఒకటి 0.05 కంటే తక్కువ వచ్చే అవకాశం సుమారు 40 శాతం. ఇరవై చేస్తే 64 శాతం. అలా కాకతాళీయంగా తగిలిన ఒక్కదాన్ని పట్టుకుని చర్చంతా దాని మీదే నడిపితే అనుమానించాలి. ఇంకా ముందుకెళ్లి, మొదటి నుంచీ అదే మా పరికల్పన అని రాసేవారూ ఉన్నారు. దీన్ని 1998లో నార్బర్ట్ కెర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త హార్కింగ్ అని పిలిచారు. మన మాటల్లో చెప్పాలంటే పెళ్లయ్యాక జాతకాలు కుదిరాయని రాయించుకోవడం.

ముగింపు వాక్యాన్నీ తూకం వేయాలి. పాఠం చెప్పి వారానికి అదే ప్రశ్నపత్రం ఇస్తే మార్కులు పెరుగుతాయి. పోల్చడానికి పాఠం వినని మరో గుంపు లేకపోతే, పెరుగుదల పాఠం వల్లనా, ప్రశ్నలు గుర్తుండటం వల్లనా అన్నది తేలదు. పైగా బంధువులకు తెలిసింది అంటే రోగికి పుండు పడలేదని కాదు. రెండు గంటలకోసారి ఎవరు పక్కకు తిప్పారన్నది ఆ పేపర్ కొలవలేదు.

చివరగా, ఇదే శాంపిల్‌తో ఇంకో పేపర్ ఉందేమో వెతకాలి. ఒక గుమ్మడికాయను మూడు ముక్కలు కోసి మూడు కాయలని లెక్క చెప్పినట్టు ఉంటుంది ఇది. నష్టం చిన్నది కాదు. ఒండాన్‌సెట్రాన్ అనే వాంతుల మందుపై వచ్చిన ట్రయల్స్‌ను మార్టిన్ ట్రామేర్, ఆయన సహచరులు 1997లో పరిశీలించారు. చెప్పకుండా రెండుసార్లు అచ్చువేసిన రోగుల సమాచారాన్ని కలిపి లెక్కిస్తే మందు పనితనం 23 శాతం ఎక్కువగా కనిపించిందని తేలింది.

మన భాష ఎక్కడ?

ఈ ప్రశ్న మన వాళ్లకు తట్టినంతగా మిగతా రివ్యూయర్లకు తట్టకపోవచ్చు. పావగడలోనో హోసూరులోనో రాయగడలోనో చేసిన అధ్యయనంలో "ప్రశ్నపత్రాన్ని స్థానిక భాషలోకి అనువదించాం" అని ఒక్క వాక్యం ఉంటుంది. స్థానిక భాష అంటే కన్నడ, తమిళం లేదా ఒడియా. ఆ వార్డులో తెలుగు తప్ప చదవడం, మాట్లాడటం రాని ముసలమ్మ ఉంటే ఆమెను వదిలేశారా? ఆయా చేత నోటి మాటగా అడిగించారా? అంగీకార పత్రం మీద ఆమె వేలిముద్ర ఏ భాషలో వివరించాక తీసుకున్నారు?

వదిలేస్తే, ఆ ఫలితం మన వాళ్లకు వర్తిస్తుందని చెప్పలేం. అర్థంకాని కాగితం మీద వేలిముద్ర తీసుకుంటే అది అంగీకారమే కాదు. ఏ భాషల్లో అడిగారు, ఎవరు అనువదించారు, తిరిగి వెనక్కి అనువదించి సరిచూశారా, ఎథిక్స్ కమిటీ అనుమతి తేదీ సమాచార సేకరణకు ముందుదేనా... ఈ నాలుగూ ప్రతి రివ్యూలో అడగదగ్గ ప్రశ్నలు.

పేర్ల వరుస

వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ రచయిత అనిపించుకోవడానికి నాలుగు షరతులు పెట్టింది: ఆలోచనలోనో సమాచారంలోనో గణనీయమైన పాలు, రాయడంలో లేదా దిద్దడంలో పాలు, చివరి ప్రతికి ఆమోదం, మొత్తం పనికి జవాబుదారీ. నాలుగూ ఉండాలి. గది ఇప్పించినందుకు, సంతకం పెట్టినందుకు కృతజ్ఞతలు చెబితే చాలు. ఎవరేం చేశారో రాయమని రివ్యూయర్ అడగవచ్చు. ఆ ఒక్క ప్రశ్న, గట్టిగా మాట్లాడలేని విద్యార్థినికి అండ అవుతుంది.

అనుమానం వస్తే

రివ్యూయర్ పోలీసు కాదు. "మీరు అంకెలు కల్పించారు" అని రాయకూడదు. "3వ పట్టికలో సగటు ఈ శాంపిల్‌కు ఎలా వచ్చిందో వివరించండి, మూల సమాచారం చూపండి" అని రాయాలి. అనుమానం గట్టిదైతే ఎడిటర్‌కు మాత్రమే కనిపించే పెట్టెలో, పేజీ, పట్టిక సంఖ్యలతో సహా రాయాలి. ప్రచురణ నీతి కమిటీ కోప్ ఇలాంటి సందర్భాల్లో ఏ అడుగు తర్వాత ఏ అడుగు వేయాలో ఎడిటర్లకు మార్గదర్శకాలు ఇచ్చింది. విచారణ వాళ్ల పని. రచయితకు సొంతంగా ఫోన్ చేయడం, పేపర్‌ను వాట్సాప్ గ్రూపులో పెట్టడం, పత్రిక అనుమతి లేకుండా ఏఐ యాప్‌లోకి ఎక్కించడం తప్పు. రాసినవారు తెలిసినవారైతే రివ్యూ వద్దని చెప్పేయాలి. "నా పేపర్లు కూడా పేర్కొనండి" అని అవసరం లేకుండా అడగడమూ సందేహాస్పద పద్ధతే.

ఇంట్లో వాళ్లకు ఒక మాట

థీసిస్ గడువు దగ్గరపడ్డప్పుడు "ఫలితం రాలేదు, గైడ్ ఏమంటారో" అని పిల్ల దిగులుపడితే, "ఎలాగోలా ముగించెయ్" అనకండి. తేడా కనిపించకపోవడమూ ఫలితమే. నిజాయితీగా రాసిన "తేడా లేదు" ఇంకో వార్డులో పనికిరాని పద్ధతి మొదలవకుండా ఆపుతుంది. పది వేల రూపాయలకు అంకెలు తెచ్చిపెడతామనేవాళ్ల దగ్గరికి పంపకండి. ఆ అంకెల కింద సంతకం మన పిల్లదే ఉంటుంది. ఎన్నేళ్ల తర్వాత ఎవరు లెక్క సరిచూసినా జవాబు చెప్పాల్సిందీ తనే.